పిట్టలవాళ్ళ పలకరింపు

తామ్రజటుడి కోట గురించి హంసధార రాజ్యంలో తల్లులు పిల్లలకు కథలు చెప్పరు. చెబితే పిల్లలు అన్నం మానేస్తారు.

నల్లరాతి కొండ కొసన తొమ్మిది బురుజుల కోట అది. బురుజు బురుజుకీ ఒక రాగి కలశం, ప్రతి కలశంలోనూ వానకు ఆరని, గాలికి వంగని నీలిమంట. చుట్టూ ఉన్న కందకంలో నీళ్ళకు బదులు సలసల కాగే తారు. దాని మీద ఏనుగుల పక్కటెముకలు పేర్చి కట్టిన వంతెన. వంతెన దాటితే విశాలమైన ముంగిలి, ఆ ముంగిట్లో బారులు తీరిన రాతి విగ్రహాలు. కత్తి సగం దూసినవాడొకడు, విల్లు ఎక్కుపెట్టినవాడొకడు, గుర్రం దిగబోతూ ఒక కాలు గాల్లో ఉన్నవాడు మరొకడు. వాటిని ఏ శిల్పీ చెక్కలేదు. రాకుమారి మందారికను విడిపించి తెస్తామని మీసాలు దువ్వి బయలుదేరిన ఇరవై ముగ్గురు వీరులు వాళ్ళు.

ఇరవై నాలుగోవాడికి దువ్వుకోవడానికి మీసం కూడా సరిగా లేదు. పట్టు తలపాగా, జరీ ఉత్తరీయం, దూది కుక్కి కట్టిన బానపొట్ట, ఆ దూదిలో దాచిన నాలుగు జామకాయలు, చంకలో నిలువెత్తు అద్దం. ఆ వేషంలో ఎముకల వంతెన మీద తడబడుతూ వస్తున్న ఆ పెద్దమనిషి పేరు చిలకల తిప్పన్న. రాజధానిలో పక్షుల వీధిలో చిలకలకు మాటలు నేర్పి అమ్ముకుని బతికేవాడు. కోటకు మాత్రం తాను దూరదేశపు శుకవాగీశ్వర పండితుడినని కబురు పంపుకున్నాడు. బయలుదేరేముందు, కూతురి కోసం ఏడ్చి ఏడ్చి చూపు మందగించిన రాజు అతని చేతులు పట్టుకున్నాడు.

"కత్తి పట్టినవాళ్ళంతా రాళ్ళయిపోయారు నాయనా! నీకు కత్తి పట్టుకోవడమే రాదు. నువ్వు వెళ్ళు" అన్నాడు.

ఇంత దిక్కుమాలిన ఆశ పగవాడికి కూడా వద్దు.

సభామండపంలో తామ్రజటుడు పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. రాగితీగల్లాంటి అతని జడలు మెట్ల మీదుగా నేల దాకా పారుతున్నాయి. అతని పక్కన మరో మూడు రాతి బొమ్మలున్నాయి. ఇవి వీరులవి కావు. ఒక బొమ్మ చేతిలో వసకొమ్ము ఉంది, ఇంకొక దాని చేతిలో పండుమిరపకాయ, మూడోదాని చేతిలో చిన్న వెదురుపుల్ల.

"వీళ్ళూ నీలాంటి పండితులే" అన్నాడు తామ్రజటుడు. "మొదటివాడు వస అరగదీసి పోస్తే చిలక వాగుతుందన్నాడు. రెండోవాడు పండుమిరపకాయలు మేపాడు. మూడోవాడు పుల్లతో నాలుక గీకితే మాట తిరుగుతుందన్నాడు. చిలక వాగలేదు, వీళ్ళూ ఇక వాగరు. చెప్పు పండితా, పెంపుడు చిలకకు మాట ఎలా వస్తుంది?"

తిప్పన్న దారిపొడుగునా బట్టీపట్టిన సంస్కృత శ్లోకాలన్నీ ఒక్కటొక్కటే గోడ దూకి పారిపోయాయి. ఇక మిగిలింది చిన్నప్పుడు వాళ్ళ అవ్వ చెప్పిన సంగతి ఒక్కటే. అదే చెప్పాడు.

"నోట్లో ఏం పోసినా మాట రాదు దొరా! మాట చెవిలోంచి రావాలి. చిలక గుంపులో బతికే పిట్ట. అడవిలో ఉంటే గుంపు ఎట్లా కూస్తే అదీ అట్లా కూస్తుంది. పంజరంలో గుంపేది? తిండి పెట్టే మనిషే దాని గుంపు. ఆ మనిషి ఏమంటే అదే తనవాళ్ళ కూత అనుకుని పట్టుకుంటుంది. దానికి అర్థంతో పనిలేదు. ఆ మాట వెనక ఏమొచ్చిందో చూస్తుంది, అంతే. పండొచ్చిందా, ఇక ఆ మాటను చచ్చినా వదలదు."

"ఎవరి గొంతు వింటే ఆ గొంతుతోనే పలుకుతుందా?"

"అచ్చం అట్లాగే పలుకుతుంది. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు."

తామ్రజటుడు నవ్వాడు. ఆ నవ్వుకు బురుజుల మీది మంటలు ఒక జానెడు పైకి లేచాయి.

"అయితే విను. నేటికి నలభయ్యోనాడు మిట్టమధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. నా తాళపత్రంలో రాసి ఉంది, ఆ ఘడియలో కొండగుహలోని రాతినోరు తెరుచుకుంటుంది. హంసధార వారసురాలు తననూ తన రాజ్యాన్నీ నాకు ఇచ్చినట్టు మూడుసార్లు తన గొంతుతో పలకాలి. మొదటి మాటకు నడుము దాకా రాయవుతుంది. రెండో మాటకు గొంతు దాకా. మూడో మాటతో ఆ పిల్లా ఉండదు, ఆమె తండ్రి రాజ్యమూ ఉండదు, సర్వం నాదే. పాపం, ఈ సంగతి ఆమె చెవిన పడింది. ఏడాదిగా పెదవి విప్పలేదు. కొరడాకు పలకలేదు, పస్తుకు పలకలేదు. అందుకే ఆమె గదిలో చిలకను పెట్టించాను. ఒంటరి మనిషి చిలకతోనైనా మాట్లాడకుండా ఎన్నాళ్ళు ఉండగలదు? 'సమర్పయామి' అన్న ఒక్క మాట ఆమె గొంతుతో ఆ పక్షికి పట్టించు. పట్టించలేకపోయావో, ఈ వరసలో నాలుగో చోటు ఖాళీగానే ఉంది."

"అట్లాగే దొరా. కానీ పాఠం వేళ మెట్ల మీద పురుగు కూడా ఉండకూడదు. అలికిడైతే చిలక బెదురుతుంది" అన్నాడు తిప్పన్న. చెప్పినదాంట్లో అబద్ధం లేదు గనక గొంతు వణకలేదు.

తొమ్మిదో బురుజు కొసన ఉంది ఆ గది. చిలుం పట్టిన గడియ లాగి తలుపు తోసేసరికి, లోపల కిటికీ పక్కన ఒక పంజరం, అందులో మెడకు ఎర్రపట్టీ ఉన్న పోతు చిలక కనిపించాయి. దాని పక్కన, కాలికి బొటనవేలంత లావు గొలుసుతో, ఎండు తామరతూడులా ఒక పిల్ల. రాకుమారిని చూడగానే సాష్టాంగపడాలని తిప్పన్న నలభై మైళ్ళు నడుస్తూ అనుకున్నవాడే. కానీ పంజరం చూడగానే అతని నోరు అతన్ని అడక్కుండానే తెరుచుకుంది.

"ఇచ్చావా?" అనేశాడు, గొంతెత్తి, చనువుగా.

పక్షుల వీధి ఆచారం అది. లోకమంతా "బాగున్నావా?" అని పలకరించుకుంటే, పిట్టలవాళ్ళు "ఇచ్చావా?" అంటారు. పిట్టకు మేత ఇచ్చావా అని. ఎదుటివాళ్ళు "ఇచ్చాను" అంటారు. పెళ్ళిలో కలిసినా అంతే, పాడె వెనక నడుస్తూ కలిసినా అంతే. పంజరంలో పిట్ట పస్తుంటే తక్కిన క్షేమసమాచారాలు అనవసరమని వాళ్ళ లెక్క.

తిప్పన్న నాలుక కరుచుకున్నాడు. రాకుమారిని నువ్వు అన్నందుకు చెంపలు వేసుకున్నాడు. ఏడాదిగా ఆ గదిలోకి వచ్చిన ప్రతివాడూ "చెప్పు, పలుకు" అని గద్దించినవాడే. ఒక మనిషి వచ్చి చిలక కడుపు గురించి అడగడం మందారికకు వింతగా తోచింది. తన పళ్ళెంలోంచి తీసి పంజరంలో పెట్టిన జామముక్క వైపు చూసింది.

"ఇచ్చాను" అంది.

ఏడాది తర్వాత ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిప్పన్నకూ తిరిగాయి. చిలక మాత్రం తల వాల్చి ఒక్క క్షణం ఇద్దరినీ చూసి, జామముక్క అందుకుంది.

ఆ తర్వాత అతను చప్పున ఆమె దగ్గర కూలబడి చెవిలో చెప్పాడు.

"అమ్మా, నేను మీ నాయనగారి మనిషిని. ఇక మీదట మనం ఏం మాట్లాడినా గుసగుసలుగానే. గుసగుసను చిలక పట్టలేదు. గొంతు విప్పితే పట్టేస్తుంది. ఆ మాయలోడు చెప్పిన మాట మాత్రం కలలో కూడా అనొద్దు."

"సమర్పయామి అనే కదా? నాలుక కోసుకుంటాను గానీ అనను" అని ఆమె కూడా గుసగుసగానే అంది.

అద్దం చట్రంలోంచి తిప్పన్న సన్నటి ఆకురాయి తీశాడు. ఆ రోజు నుంచి ఆమె గొలుసును అరగదీయడం, అతను ఆ చప్పుడు బయటికి పొక్కకుండా గట్టిగా పాఠం చెప్పడం. పాఠమంటే ఏముంది? పంజరం ముందు అద్దం నిలబెట్టి, దాని వెనక తాను నక్కేవాడు. అద్దంలో కనబడే చిలకే మాట్లాడుతోందని అసలు చిలక నమ్మాలి. పాత ఉపాయమే, పనిచేసే ఉపాయమే. కానీ అద్దం వెనక నుంచి తిప్పన్న నేర్పింది వాళ్ళ అవ్వ పొడిదగ్గు. ఖళ్, ఖళ్, ఖళ్. గ్రహణం నాడు రాతినోటి ముందు ఈ చిలక ముసలమ్మలా దగ్గుతుంటే తామ్రజటుడి మొహం చూడాలని వాళ్ళిద్దరికీ ఎంత ఆశ! ఆ మాట తలుచుకుని మందారిక చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ప్రతి ఉదయం గడియ లాగగానే "ఇచ్చావా?" అనేవాడు. "ఇచ్చాను" అనేది. రోజుకు ఆమె గొంతు విప్పి పలికే మాట అదొక్కటే. అంత చిన్న మాట దక్కినందుకే ఆమె తెల్లవారడం కోసం ఎదురుచూసేది. తిప్పన్న చెవికైతే అది మాటే కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్నది, తన ఊపిరి చప్పుడు తనకు వినబడనట్టే అదీ వినబడలేదు. పలకరింపు కాగానే అతను, వంటింట్లో అడిగి దూదిలో దాచి తెచ్చిన జామకాయ ఒకటి పంజరంలో పెట్టేవాడు. ఆ పలకరింపు వినగానే చిలక కంటిపాప ఆవగింజంత అయి, మళ్ళీ మిరియమంత అయ్యేది. చిలక మాట్లాడబోయే ముందు అలా అవుతుంది. ఇష్టమైన పండు చూసినా అలాగే అవుతుంది. జామకాయ మీద ఆశ, తిండిపోతు వెధవ, అని తిప్పన్న ముద్దుగా తిట్టేవాడు.

దీపం కిందే చీకటి ఉంటుందని ఊరికే అనలేదు.

ముప్పై తొమ్మిదో రోజుకు గొలుసు దారమంత మిగిలింది. తలపాగా పట్టును పేని తాడు తయారు చేశారు. మర్నాడు పొద్దున్నే తెంచుకుని కిటికీలోంచి జారిపోవాలి. "రేపు ఈ పాటికి నాన్నను చూస్తాను" అని ఆమె గుసగుసలాడింది. తిప్పన్న మెట్లు దిగుతూ, ఆమెను పల్లకీ దించే చోట జనం ఎలా నిలబడి ఉంటారో కూడా ఊహించుకున్నాడు.

నలభయ్యోనాడు పొద్దున్న గడియ లాగి "ఇచ్చావా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. గది ఖాళీ. గొలుసుతో పాటు గోడలోని కొక్కేన్ని కూడా పెకలించుకుపోయారు. వెనక్కి తిరిగేసరికి రెండు ఈటెల మొనలు అతని దూదిపొట్టకు ఆనాయి.

"గ్రహణం నాడు తెల్లారకముందే పిల్లని గుహలో దింపాలంట. తమరిని కూడా తెమ్మన్నారు స్వాములూ. పాఠం తమరే కదా చెప్పింది!" అన్నాడు భటుడు.

"చిలకకు మేత పెట్టారా?" అన్నాడు తిప్పన్న. ఇంకేం అడగాలో తోచలేదు.

"నిన్న సందేళ నుంచి పెట్టలేదు. ఆకలిమీదుంటే బాగా పలుకుతుందని దొరవారి ఆజ్ఞ."

గుహ ఒక పెద్ద చలవరాతి గిన్నెను బోర్లించినట్టుంది. గోడల్లో పొదిగినట్టు మెరిసే స్ఫటికాలు, కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, నడిమధ్య నిట్టనిలువు బండ. ఆ బండకు కళ్ళు లేవు, ముక్కు లేదు. అడ్డంగా చీలిన పెదవులు మాత్రం ఉన్నాయి. దాని ముందు మందారికను నిలబెట్టారు. చిలక పంజరాన్ని ఆమె భుజం పక్కనే వేలాడదీశారు. గుహ వాకిలి అవతల సూర్యుణ్ణి నీడ కొరుక్కుతింటోంది. చివరి వెలుగు గీత ఆరిపోగానే రాతి పెదవులు కరకరమని విడివడ్డాయి.

తామ్రజటుడు పంజరం దగ్గరికి వంగి, "సమర్పయామి" అన్నాడు తియ్యగా. "చెప్పు నాయనా, సమర్పయామి."

చిలక అతన్ని ఎగాదిగా చూసింది. ఖళ్, ఖళ్, ఖళ్ అని దగ్గింది.

తిప్పన్న పకపకా నవ్వాడు. ఈటెలు గుచ్చుకుంటున్నా నవ్వాడు. "పండితుడూ లేడు, పాడూ లేడు. హంసధార పక్షుల వీధి తిప్పన్నని రా నేను! మా అవ్వ దగ్గు అది! ఎట్లా ఉంది?"

తామ్రజటుడి కత్తి గాల్లోకి లేచింది. అది దిగేలోపు, మొదటిసారిగా, రాయి మాట్లాడింది. అది దేవభాష పుట్టకముందు నుంచీ ఉన్న రాయి. దానికి సమర్పణలూ సంకల్పాలూ తెలియవు. మన అవ్వలు అడిగినట్టే అడిగింది.

"ఇచ్చావా?"

కత్తి ఆగిపోయింది. తాళపత్రంలో రాసిన మాట ఒకటి, రాయి అడిగిన మాట ఒకటి. తామ్రజటుడే తెల్లబోయాడు. మందారిక పెదవులు బిగించుకుంది. ఆమె పక్కనే, రాత్రంతా పస్తున్న చిలక కంటిపాప ఆవగింజంత అయింది.

"ఇచ్చాను" అంది చిలక. మందారిక గొంతుతో, రోజూ పొద్దున అందులో ఉండే కాసింత సంతోషంతో సహా.

పాదాల నుంచి నడుము దాకా ఆమె నల్లరాయి అయిపోయింది.

తిప్పన్నకు అప్పుడు వెలిగింది. కొరడాలు రాబట్టలేని మాటను ఆమె నోటి నుంచి రాబట్టింది ఎవరు? తానే. నలభై రోజులు, రోజుకొక జామకాయ పెట్టి మరీ నేర్పింది ఎవరు? తానే. లోకంలో పిట్టలవాడు తప్ప ఇంకెవడూ ఇంత పని చేయలేడు.

"ఇవ్వలేదు!" అని మందారిక అరిచింది. "నేను ఇవ్వలేదు! అది చిలక! నేను కాదు!"

"ఇచ్చాక లేదనకూడదు" అంది రాయి. దానికి చూసే కళ్ళు లేవు. వినబడిన గొంతు ఒకటే. "ఇచ్చావా?"

ఖళ్, ఖళ్, ఖళ్ అని తిప్పన్న గొంతు చిరిగేలా దగ్గాడు. చిలక కూడా దగ్గితే చాలు, ఈ గండం గడుస్తుంది. కానీ దగ్గు తర్వాత ఆ చిలకకు ఏనాడూ పండు రాలేదు. అది అతని వైపు చూడనైనా లేదు.

"ఇచ్చాను."

రాయి ఆమె గొంతు దాకా ఎక్కింది. అరుపు మధ్యలో తెగింది. ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. 'ఇవ్వలేదు, ఇవ్వలేదు' అంటున్నాయి ఆ పెదవులు. ఇప్పుడు ఈ భూమ్మీద ఆమె గొంతు ఆ చిలక దగ్గర తప్ప మరెక్కడా లేదు.

రెండో మాట మింగిన రాయి తృప్తిగా గుర్రుమంది. ఆ అదురుకు గుహ కప్పు నుంచి రాతి ఊడలు జలజల రాలాయి. భటులు బోర్లా పడ్డారు. తిప్పన్న ఈటెల మధ్య నుంచి దూకి పంజరాన్ని ఒక్క తన్ను తన్నాడు. అది వాకిలి దాకా దొర్లి పగిలింది. పచ్చటి మెరుపు ఒకటి బయటి చీకట్లోకి ఎగిరింది.

"చంపకండి! ఈకైనా రాలకుండా పట్టుకోండి!" అని తామ్రజటుడు గావుకేక పెట్టాడు. "గ్రహణం విడిచేలోగా మూడో మాట పడాలి! లేకపోతే ఈ పిల్ల ఇలాగే సగం రాయిగా ఉండిపోతుంది, నేను ఇంకో పన్నెండేళ్ళు కాపలా కాయాలి!"

తిప్పన్న పరుగు తీశాడు. వెనక నుంచి ఈటె ఒకటి వచ్చి దూదిపొట్టను చీల్చుకుపోయింది. దూది గాల్లో ఎగిరింది, జామకాయలు దొర్లిపోయాయి. ఒక్కటి చేతికి చిక్కింది, అదీ సగమే.

బయట మిట్టమధ్యాహ్నం చీకటి. పొద్దుగూకిందనుకున్న అడవి చిలకలు వేలకు వేలు కొండ అంచున ఉన్న మద్దిచెట్టు మీద గోలగోలగా వాలుతున్నాయి. ఆ చెట్టు కింద నేల లేదు. తారు కందకం నోరు తెరుచుకుని ఉంది. కందకం మీదికి చాచిన కొమ్మ చివర, మెడకు ఎర్రపట్టీతో, వాటి మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చుంది చిలక. మరో నాలుగు రెక్కలు కొట్టిందంటే గుంపులో కలిసిపోతుంది. కలిసిందా, అవ్వ చెప్పినట్టు దాని దగ్గర అవీ నేర్చుకుంటాయి. ఆ పైన అడవిలో ప్రతి కొమ్మ నుంచీ మందారికే పలుకుతుంది. అందులో ఆమె గొంతు నిజంగా ఏ పిట్ట దగ్గరుందో దేవుడికి కూడా తెలియదు.

తిప్పన్న కొమ్మ మీదికి పాకాడు. కొమ్మ కిర్రుమంది. వెనక భటుల అడుగులు దగ్గరవుతున్నాయి. గుహలో రాయి మూడోసారి ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు కొండంతా వినబడుతోంది.

ఒక్కటే దారి తోచింది. తినే చిలక మాట్లాడదు. ఈ జామముక్క దాని ముక్కున పెడితే, అది నములుతున్నంతసేపు ఆమె బతికి ఉంటుంది. ఆ తర్వాత సంగతి తెలియదు. గెలిచినా ఆమె పన్నెండేళ్ళు గొంతు దాకా రాయే. అయినా చెయ్యి చాచాడు. చేతికీ చిలకకూ మధ్య మూరెడు ఎడం ఉండిపోయింది.

"రారా నాయనా! ఇదుగో, నీ జామకాయ. రారా" అన్నాడు ఏడుస్తూ.

"ఇచ్చావా?" అంది కొండ.

చిలక తల వాల్చి జామముక్క వైపు చూసింది. దాని కంటిపాప చిన్నదై, చిన్నదై, ఆవగింజంత అయింది. పండు చూసి అయిందో, మాట కోసం అయిందో, పుట్టినప్పటి నుంచి చిలకల మధ్యే పెరిగిన తిప్పన్నకు తెలియలేదు.